అతుకు

మోరోన్ ఊరి బజారులో, తోళ్ళ కొట్ల వెనక,
మంచు కరిగి బురదైన చోట
అమ్మకానికి నిలబెట్టారు దాన్ని.
పాత రష్యా జీపు. ఇక్కడి వాళ్ళు ముద్దుగా
అరవైతొమ్మిది అంటారు.
నిన్నో మొన్నో వేసిన ఆకుపచ్చ రంగు
ఇంకా టర్పెంటైన్ కంపు కొడుతోంది.

కొనేది న్యామ్‌సురేన్. ఉన్ని మూటలు తోలే మనిషి.
నన్ను వెంట తెచ్చుకుంది,
పెళ్ళిచూపులకి పెద్దమనిషిని తెచ్చుకున్నట్టు.
నా కూలి ఒక గొర్రె తొడ, పొద్దుగూకే దాకా టీ.

నా పద్ధతి నాది.
ముందు తలుపుల మీద అయస్కాంతం పాకిస్తాను.
ఇనుమున్న చోట కరుచుకుంటుంది,
లప్పం పూసిన చోట జారిపడుతుంది.
ఎడమ తలుపు కింద జానెడు మేర జారింది.
"రాయి తగిలింది," అన్నాడు చులూన్, అమ్మేవాడు.
రాళ్ళకేం, ఈ దేశంలో
ప్రతి అబద్ధానికీ ఒకటి దొరుకుతుంది.

రెండు పెట్రోలు టాంకులు దీనికి.
సీటు పక్కన మీట తిప్పితే
ఒకటి మానేసి ఇంకొకటి తాగుతుంది.
ఎడమకి తిప్పగానే దగ్గింది, ఆగిపోయింది.
"కుడిది ఉందిగా," నవ్వాడు చులూన్.
న్యామ్‌సురేన్ నవ్వలేదు.
వేళ్ళు మడిచి ఏదో తగ్గించుకుంది.

ఆఖరికి గోనెపట్టా పరిచి కిందికి దూరాను.
టార్చి వేశాను.

చాసిస్ అడ్డపట్టీ మీద అతుకు.
చేప పొలుసుల్లా ఒకదాని మీదొకటి,
మధ్యలో ఒక్కచోట గతుకు.
అక్కడ నాకు తుమ్మొచ్చింది.
పదమూడేళ్ళైతే మాత్రం
నా దస్తూరీ నేను పోల్చుకోలేనా?

అప్పుడిది నీలం రంగు.
మార్చి నెలాఖరు. ఖాత్గల్ దగ్గర సరస్సు మీద
మంచు పై పటారంగా మెరుస్తోంది.
సొద్నొమ్ పిండి బస్తాలేసుకుని అడ్డదారి పట్టాడు.
అది విరిగిన చప్పుడు
గట్టు మీద కుక్కలు ముందు విన్నాయి.

తొమ్మిదో రోజున దూలాలు కట్టి, కప్పీ వేసి లాగాం.
స్పీడు మీటరు గాజు లోపల
సగం దాకా నీళ్ళు, సగం దాకా అంకెలు.
సొద్నొమ్ ఒడ్డున కూర్చుని తిట్టాడు
మమ్మల్నీ, మంచునీ, తడిసిన పిండినీ.
పైకప్పు గుడ్డది కాబట్టి
కత్తితో చీల్చుకుని బయటపడ్డాడు,
ఆ తిట్లు తిట్టడానికి మిగిలాడు.

ఇదంతా చులూన్‌కి తెలియదు. నాలుగు చేతులు మారిన బండి.
తెలుసేమో కూడా.
కింద వెల్లకిలా పడుకుని లెక్క వేశాను.
చెబితే బేరం పోతుంది, గొర్రె తొడ పోతుంది.
చెప్పకపోతే
నా దస్తూరీతో ఇంకొకడి అబద్ధం.
చక్రం పక్కన న్యామ్‌సురేన్ బూట్లు కనిపిస్తున్నాయి.
ఎడమ దానికి ముదురు తోలు ముక్క వేసి కుట్టి ఉంది.
మంచి కుట్టు.

బయటికొచ్చి చెప్పేశాను, చేతులు తుడుచుకోకుండానే.
చులూన్ ముక్కుపొడి డబ్బీ తీశాడు,
తెరవకుండానే మళ్ళీ లోపల పెట్టాడు.
ఆమె బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది.
"అతుకు ఆగుతుందా?"
"నాకన్నా ఎక్కువే."

పొడుగు చొక్కా చేతుల్లోపల వేళ్ళు పట్టుకుని
వాళ్ళిద్దరూ మాటల్లేకుండా బేరమాడారు.
మూడోవంతు తెగ్గోసిందని
చులూన్ కనుబొమలు చెప్పాయి.

నోట్లు లెక్కపెడుతూ అంది,
"ఈ గుడ్డ పీకేసి రేకు కప్పు వేయించాలి, చలికి."
"వద్దు," అన్నాను.
ఎందుకని అడగలేదు.
నన్ను చూసింది, కప్పు చూసింది.
మొలలోంచి కత్తి తీసి, బొటనవేలితో పదును చూసి,
డ్రైవరు సీటు పక్కన, మీట దగ్గర దోపింది.

కుడి టాంకు మీదే వెళ్ళిపోయింది బండి,
బురద నా మోకాళ్ళ దాకా చిమ్ముతూ.
గొర్రె తొడ మాట
ఎవరూ ఎత్తలేదు.